తొమ్మిదో శతాబ్దపు ఒక రాజకీయ వివాహం: దువోదా చెప్పిన లెక్కలు

క్రీ.శ. 824 జూన్ 29న, ఇప్పటి జర్మనీలోని ఆఖెన్ రాజప్రాసాదంలో దువోదా అనే యువతికి బెర్నార్డ్ అనే ఫ్రాంకు ప్రభువుతో వివాహమైంది. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో పశ్చిమ ఐరోపాను కుదిపేసిన ఘటనల్లో బెర్నార్డ్ పేరు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఆనాటి వృత్తాంతకారులు ఆయన పదవులను, యుద్ధాలను, ఆయన మీద పడిన అపనిందను, చివరికి ఆయన మరణాన్ని కూడా రాసిపెట్టారు. ఆయన భార్య పేరును మాత్రం వారిలో ఒక్కరూ ప్రస్తావించలేదు. దువోదా అనే మనిషి ఒకరు ఉండేదని ఇవాళ తెలియడానికి ఆధారం ఆమె రాతే. 841 నవంబరు 30న మొదలుపెట్టి 843 ఫిబ్రవరి 2న ముగించి, పెద్ద కొడుకు విలియం కోసం ఆమె లాటిన్‌లో ఒక హితబోధ గ్రంథం రాసింది. పెళ్లి తేదీ, బిడ్డలు పుట్టిన తేదీలు, తాను ఉంటున్న ఊరు, చేసిన అప్పులు అన్నీ అందులో ఆమె నోట తెలిసినవే.

బిడ్డకు దూరమైన తల్లి ఆవేదనగా ఆ గ్రంథాన్ని చదవడం పరిపాటి. ఆ ఆవేదన నిజమైనది, చదివేవారిని కదిలించేది. కానీ అక్కడితో ఆగిపోతే ఆమెకు అన్యాయం చేసినట్టే అవుతుంది. ఆ కాలపు రాజకీయ వివాహం రెండు వంశాలు ఒకనాడు కుదుర్చుకుని ముగించే ఒప్పందం కాదు. దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టే పని ఉంటుంది, ఆ పనిలో పెద్ద భాగం భార్య మీదే పడుతుంది. ఈ సంగతిని ఆ పని చేసిన స్త్రీ స్వయంగా చెప్పిన సాక్ష్యం తొమ్మిదో శతాబ్దం నుంచి ఇంత వివరంగా మరొకటి దొరకదు.

ఆ పని ఏమిటో అర్థం కావాలంటే ముందు సామ్రాజ్యం నడిచిన తీరును చూడాలి. ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ 814లో మరణించాక ఆయన కుమారుడు లూయీ చక్రవర్తి అయ్యాడు. పిరనీస్ పర్వతాల అవతలి బార్సిలోనా నుంచి జర్మనీలోని ఎల్బే నది దాకా విస్తరించిన ఆ రాజ్యానికి జీతాలిచ్చి నడిపించే ఉద్యోగవర్గం లేదు. ఒక్కో ప్రాంతాన్ని కౌంట్ అనే అధికారి చూసుకునేవాడు. తగవులు తీర్చడం, సేనను కూడగట్టడం, రాజుకు చెందవలసింది రాజుకు చేర్చడం ఆయన బాధ్యతలు కాగా, పదవితో పాటు వచ్చే భూముల ఆదాయమే ఆయనకు ప్రతిఫలం. ఆ పదవి రాజు దయతో వచ్చేది, రాజు కన్నెర్ర చేస్తే పోయేది. అందుకే ప్రభువుల కుటుంబాలు పదవి ఉన్నప్పుడే దాని చుట్టూ బంధుత్వాల కంచె కట్టుకునేవి. ఎవరితో వియ్యమందారన్నది రేపు యుద్ధం వస్తే ఎవరు ఎవరి పక్కన నిలబడతారన్న దానికి గుర్తుగా ఉండేది. పెద్ద వంశాల పెళ్లిళ్లకు రాజు సమ్మతి అవసరమైనది కూడా ఇందుకే.

బెర్నార్డ్ వంశం సామాన్యమైనది కాదు. ఆయన తండ్రి విలియం షార్లమేన్‌కు బంధువు, 801లో ముస్లిం పాలకుల నుంచి బార్సిలోనాను గెలుచుకున్న సేనానుల్లో ఒకడు. జెల్లోన్ మఠాన్ని స్థాపించి చివరికి అందులోనే సన్యాసిగా చేరాడు. బెర్నార్డ్‌కు బాప్తిస్మం ఇప్పించి ధర్మపితగా నిలిచినవాడు లూయీ చక్రవర్తే. అలాంటివాడి పెళ్లి చక్రవర్తి సొంత ప్రాసాదంలో జరిగిందంటే, వధువు కూడా ఆ స్థాయి ఇంటి నుంచే వచ్చిందని, పెళ్లికి చక్రవర్తి ఆమోదం ఉందని అనుకోవచ్చు. పదిహేడేళ్ల తర్వాత గ్రంథం రాసేటప్పుడు దువోదా మొదట చెప్పిన విషయాల్లో ఈ తేదీ, ఈ స్థలం ఉన్నాయి. లూయీ పాలనలో ఎన్నో ఏడో కూడా చేర్చి ఆమె దాన్ని ఒక దస్తావేజు రాసినట్టు రాసింది. కొడుకు జన్మ చట్టబద్ధమైనదని, వారసత్వం మీద అతని హక్కు తిరుగులేనిదని నిరూపించే మాట అది.

పుట్టింటి గురించి ఆమె ఏమీ చెప్పదు. కొడుకు ప్రార్థనల్లో తలచుకోవలసిన చనిపోయిన బంధువుల పేర్లు వరుసగా ఇస్తుంది. విలియం, కునెగుండే, గెర్బెర్గా, విట్‌బుర్గా, థియోడరిక్, గౌసెల్మ్ వంటి ఆ పేర్లను చరిత్రకారులు బెర్నార్డ్ వైపు వారివిగానే గుర్తించారు. ఎవరి ఆస్తి దక్కిందో వారి ఆత్మశాంతికి ప్రార్థించడం నీ బాధ్యత అని ఆమె కొడుకుకు స్పష్టంగా బోధిస్తుంది. ఆ జాబితాను ప్రార్థనల పట్టికగానూ, ఆస్తి ఏ చేతుల మీదుగా వచ్చిందో చెప్పే వంశపత్రంగానూ చదవాలి. మెట్టినింటి పూర్వుల జ్ఞాపకాన్ని కాపాడి తర్వాతి తరానికి అందించడం ఆ ఇంటి కోడలి పని. ఆ పనిని దువోదా ఎంత శ్రద్ధగా చేసిందంటే, ఆ వంశం గురించి చరిత్రకారులకు తెలిసిన దానిలో చాలా భాగం ఆమె చెప్పినదే.

పెళ్లయిన రెండేళ్లకు, 826లో, బెర్నార్డ్ బార్సిలోనా కౌంట్ అయ్యాడు. అదే ఏడాది నవంబరు 29న విలియం పుట్టాడు. 829లో చక్రవర్తి బెర్నార్డ్‌ను ఆస్థానానికి పిలిపించి అంతఃపుర వ్యవహారాలు, ఖజానా చూసే అత్యున్నత పదవిని ఇచ్చాడు. ఆ వైభవం ఏడాది కూడా నిలవలేదు. లూయీ రెండో భార్య జూడిత్‌కు పుట్టిన చార్లెస్‌కు రాజ్యంలో వాటా ఇవ్వాలన్న ప్రయత్నాన్ని చక్రవర్తి పెద్ద కొడుకులు సహించలేకపోయారు. 830లో వారు తిరుగుబాటు చేసినప్పుడు చేతికి తీసుకున్న ఆయుధం ఒక అపనింద: బెర్నార్డ్‌కు, మహారాణి జూడిత్‌కు అక్రమ సంబంధం ఉందన్న ఆరోపణ. బెర్నార్డ్ బార్సిలోనాకు పారిపోయాడు. ఆయన సోదరుడు హెరిబెర్ట్ కళ్లు పీకించారు. మహారాణిని మఠానికి పంపారు. 831లో థియోన్విల్‌లో బెర్నార్డ్ తనను నిందించేవారిని ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. ఎవరూ ముందుకు రాకపోవడంతో ప్రమాణం చేసి నింద నుంచి బయటపడ్డాడు. అయినా మరుసటి ఏడాది పదవులు పోయాయి. 834లో చక్రవర్తి పెద్ద కొడుకు లోథార్ షాలోన్ పట్టణాన్ని పట్టుకున్నప్పుడు బెర్నార్డ్ మరో సోదరుడు గౌసెల్మ్ తల నరికించాడు. సన్యాసిని అయిన సోదరి గెర్బెర్గాను పీపాలో పెట్టి సోన్ నదిలో ముంచి చంపించాడు.

ఇవన్నీ దువోదా మెట్టినింటి మనుషులకు జరిగిన ఘోరాలు. భర్త మీద వచ్చిన నింద ఆమెను కూడా అవమానించినదే. గ్రంథంలో ఆ నింద గురించి ఒక్క మాట లేదు. ఆ మౌనాన్ని అమాయకత్వమని గానీ నిస్సహాయత అని గానీ అనుకోవడానికి లేదు. గ్రంథం అందుకునే కుర్రవాడు ఉన్నది జూడిత్ కొడుకు చార్లెస్ కొలువులో. అక్కడ ఆ పాత మాటను అక్షరాల్లో పెట్టడం కొడుకు ప్రాణానికి, చార్లెస్ పుట్టుకకు, భర్త గౌరవానికి ఒకేసారి ముప్పు తెచ్చేది. ఏది రాయకూడదో ఆమెకు బాగా తెలుసు.

ఆ అల్లకల్లోలపు కాలంలో దువోదా ఇప్పటి ఫ్రాన్సు దక్షిణాన ఉన్న ఉజెస్ పట్టణానికి చేరింది. రోన్ నదికి పడమర ఉన్న ఈ ఊరు మధ్యధరా తీరాన ఉన్న సెప్టిమేనియా ప్రాంతపు అంచున ఉంటుంది. బెర్నార్డ్ తర్వాతి కాలంలో మళ్లీ బలం పుంజుకున్నది కూడా ఈ ప్రాంతంలోనే. తాను భర్త ఆజ్ఞ వల్లనే చాలాకాలంగా ఈ ఊళ్లో ఉంటున్నానని ఆమె చెప్తుంది. పెద్ద కొడుకు పుట్టిన 826కూ, రెండో కొడుకు పుట్టిన 841కీ మధ్య మరో బిడ్డ ప్రస్తావన లేదు. ఆ పద్నాలుగేళ్లలో భార్యాభర్తలు కలిసి ఉన్న రోజులు తక్కువే అయి ఉంటాయి. అయితే ఆమెను అక్కడ ఖైదు చేసి మరచిపోయాడని కొందరు అన్నంత సులువుగా అనేయలేం. ఎందుకంటే ఆ ఊళ్లో ఆమె ఏం చేసేదో చెప్పే భాగం ఒకటి గ్రంథం చివర్లో ఉంది. మొత్తం గ్రంథంలో అన్నిటికంటే విలువైనవి బహుశా ఆ కొద్ది వాక్యాలే.

అక్కడ ఆమె తన అప్పుల గురించి రాసింది. తన ప్రభువైన బెర్నార్డ్‌కు సరిహద్దు ప్రాంతంలోనూ, ఇతర చోట్లా తన సేవ లోపించకుండా ఉండాలని, కొందరు మగవారు చేసినట్టు ఆయన నిన్నూ నన్నూ వదిలేసి పోకుండా ఉండాలని, భారీగా అప్పులు చేశానని కొడుకుకు చెప్తుంది. అవసరం ముంచుకొచ్చినప్పుడల్లా క్రైస్తవుల దగ్గరే కాక యూదుల దగ్గర కూడా పెద్ద మొత్తాలు తీసుకున్నానని, తీర్చగలిగినంత తీర్చానని, ఇకముందూ తీరుస్తానని అంటుంది. తాను చనిపోయేనాటికి ఇంకా బాకీ మిగిలితే అప్పిచ్చినవారిని వెతికి పట్టుకుని, తన ఆస్తి ఏమైనా ఉంటే దాని నుంచి, చాలకపోతే అతని సంపాదన నుంచి చెల్లించమని కోరుతుంది.

ఈ మాటల్లో మూడు సంగతులు కనిపిస్తాయి. బెర్నార్డ్ ఎక్కడో యుద్ధాల్లో, ఆస్థాన రాజకీయాల్లో ఉన్నప్పుడు స్పెయిన్ సరిహద్దుకు కావలసిన ధనం, మనుషులు, సామగ్రి సమకూర్చే బాధ్యత భార్య చూసింది. సరిహద్దు రక్షణ అంటే గుర్రాలు, దాణా, ఆయుధాలు, అనుచరులకు ఇవ్వవలసిన కానుకలు. పదవి ఊగిసలాడుతున్న ప్రభువుకు భూముల ఆదాయం సరిగా అందదు, అనుచరులు మాత్రం కానుకలు లేకపోతే నిలవరు. ఆ లోటును దువోదా అప్పులతో పూడ్చింది. రెండోది, అప్పు ఆమె సొంతంగా తీసుకుంది. సెప్టిమేనియాలో నార్బాన్ మొదలైన చోట్ల యూదుల కుటుంబాలు పూర్వం నుంచీ స్థిరపడి వ్యాపారం చేసేవి, భూములూ కలిగి ఉండేవి. అలాంటివారు ఒక స్త్రీకి పెద్ద మొత్తాలు ఇచ్చారంటే ఆ ప్రాంతంలో ఆమె మాటకు విలువ ఉందని, ఆమె దగ్గర ఆస్తి ఉందని నమ్మినందువల్లనే. మూడోది అన్నిటికంటే కటువైనది. ఈ శ్రమంతా భర్త తనను వదిలేయకుండా ఉండటానికేనని ఆమె దాచకుండా చెప్పింది.

ఆ భయానికి కారణం ఉంది. భార్యాభర్తలను విడదీయరాదని మతగురువులు ఆ దశాబ్దాల్లో గట్టిగా చెప్పసాగారు గానీ, రాజకీయంగా పనికిరాని భార్యను పక్కన పెట్టి మరో వంశంతో సంబంధం కలుపుకోవడం ప్రభువులకు అలవాటైన సంగతే. ఆ తర్వాత కొన్నేళ్లకే, లోథార్ కొడుకైన రెండో లోథార్ రాజు తన భార్య థ్యూట్‌బెర్గాను వదిలించుకోవాలని 857 నుంచి 869లో తాను చనిపోయేదాకా పోప్‌తోనే పోరాడాడు. రాజుల ఇళ్లలోనే ఇలా ఉంటే కౌంట్ల ఇళ్లలో స్త్రీకి భరోసా ఎంత? పుట్టింటి అండ గురించి మాటైనా ఎత్తని దువోదా విషయంలో, ఆమె స్థానాన్ని కాపాడింది ఆమె చేస్తున్న పనే అయి ఉంటుంది. పెళ్లినాడు చక్రవర్తి ఆమోదంతో మొదలైన బంధాన్ని ఆమె ఏటికేడు రుణం తెచ్చి నిలబెట్టింది.

840 జూన్ 20న లూయీ మరణించడంతో అన్నదమ్ముల మధ్య యుద్ధం మొదలైంది. 841 జూన్ 25న ఫాంతెన్వా దగ్గర ఒకవైపు లోథార్, అతని తమ్ముడి కొడుకైన, నైరుతి ఫ్రాన్సులోని అక్విటేన్‌కు చెందిన పిపిన్, మరోవైపు చార్లెస్, అతని అన్న జర్మనీ లూయీ తలపడ్డారు. బెర్నార్డ్ సేనతో దగ్గర్లోనే ఉండి యుద్ధంలో దిగలేదు. చార్లెస్ గెలిచాడని తెలిశాక మాత్రం పెద్ద కొడుకు విలియంను ఆయన కొలువుకు పంపి విధేయత ప్రకటింపజేశాడు. బుర్గుండిలో విలియంకు రావలసిన భూములను చార్లెస్ ఇస్తే అన్నది అందులో షరతు. ఆ పద్నాలుగేళ్ల కుర్రవాడు తండ్రి మాటకు జామీనుగా రాజు దగ్గర ఉండిపోయాడు. ఆ వసంతంలోనే, మార్చి 22న, ఉజెస్‌లో దువోదాకు రెండో కొడుకు పుట్టాడు. బాప్తిస్మం కూడా జరగకముందే బెర్నార్డ్ ఆ పసిబిడ్డను ఉజెస్ బిషప్ ఎలిఫాంటస్‌ చేత, తన మనుషుల చేత అక్విటేన్‌లోని తన దగ్గరికి తెప్పించుకున్నాడు. గ్రంథం మొదలుపెట్టేనాటికి తల్లికి ఆ బిడ్డకు ఏం పేరు పెట్టారో తెలియదు. రాజకీయ వివాహంలో బిడ్డలు తల్లి ఒడిలో ఉండే బిడ్డలుగా కంటే వంశపు ఆస్తిగా లెక్కకు వస్తారన్న నిజాన్ని ఇంతకంటే సూటిగా చెప్పే ఘటన ఆ శతాబ్దంలో కనబడటం కష్టం.

విలియంకు పదిహేనేళ్లు నిండిన మరునాడే ఆమె రాయడం మొదలుపెట్టింది. ఫ్రాంకుల సంప్రదాయంలో ఆ వయసు కుర్రవాడు ఆయుధాలు పట్టి, పెద్దల సభలో నిలబడవలసినవాడు. కుర్రవాళ్లు పలకల మీద పాచికలాటను ఎంత ఇష్టంగా ఆడతారో, స్త్రీలు అద్దంలో మొహం చూసుకుని మరకలు ఎలా తుడుచుకుంటారో, నువ్వు ఈ చిన్న పుస్తకాన్ని అలా తరచూ చూడమని ఆమె కోరింది. బైబిలును, అగస్టీన్, గ్రెగరీ, ఇసిడోర్ వంటి పండితుల మాటలను ఆమె ధారాళంగా వాడింది. పద్యాల మొదటి అక్షరాలను కలిపి చదివితే దువోదా తన ప్రియపుత్రుడు విలియంకు శుభం పలుకుతోందన్న వాక్యం వచ్చేలా కూర్చింది. మఠాల బయట, సంసారంలో ఉన్న స్త్రీ ఇంత చదువు చదివిందన్నది ఆ కాలపు ప్రభువుల ఇళ్లలో ఆడపిల్లల విద్య గురించి ఉన్న అంచనాలను మార్చవలసిన సాక్ష్యం.

గ్రంథంలో రాజకీయంగా అతి సున్నితమైన చోటు విధేయతల గురించిన భాగం. లోకంలో రాజు అధికారమే అన్నిటికంటే గొప్పదని కొందరంటారని ఒప్పుకుంటూనే, తన కోరిక మాత్రం కొడుకు మొదటి విధేయత కన్నతండ్రికి చెందాలని ఆమె రాసింది. చార్లెస్ కొలువులో ఉన్న కుర్రవాడికి ఇది చిన్న మాట కాదు. వెంటనే మరో అధ్యాయంలో, దేవుడూ నీ తండ్రీ నీకోసం ఎంచిన ప్రభువు చార్లెస్ కనుక ఆయనకు ద్రోహం తలపెట్టవద్దని, మోసం అన్న మాట నీ మీద పడనివ్వవద్దని హెచ్చరించింది. ఇక్కడ ఆమె చేసిన కూర్పు గమనించదగ్గది. చార్లెస్‌ను ఎంచింది తండ్రే కనుక రాజును సేవించడం తండ్రి మాట వినడంలో భాగమే అవుతుంది. ఆ విధంగా రెండు విధేయతలు ఢీకొనకుండా కొడుకును కాపాడాలని చూసింది. బైబిలులో తండ్రి మీద కత్తి ఎత్తిన అబ్షాలోము కథనూ, అహీతోపెలు, హామాను వంటి దుష్ట సలహాదారుల గతినీ గుర్తుచేసింది. లూయీ కొడుకులు తండ్రిని రెండుసార్లు గద్దె దింపిన పదేళ్లకే రాసిన ఈ ఉదాహరణలు ఎవరి గురించో ఆ కొలువులో చదివినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

తండ్రీ రాజూ విడిపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు ఆ కూర్పులో జవాబు లేదు. సరిగ్గా అదే జరిగింది. 844లో చార్లెస్ బెర్నార్డ్‌ను రాజద్రోహి అని పట్టి చంపించాడు. విలియం తండ్రి పక్షాన నిలిచి పిపిన్‌తో కలిశాడు. 848లో యుక్తితో బార్సిలోనాను, అంపూరియాస్‌ను చేజిక్కించుకున్నాడు. 850లో అక్కడే పట్టుబడి హతుడయ్యాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. తల్లి చెప్పిన మొదటి విధేయతను అతను పాటించాడని చెప్పవచ్చు. రెండోది పాటించే దారి తండ్రి మరణంతో మూసుకుపోయింది. దువోదా మాత్రం 843 ఫిబ్రవరి 2 తర్వాత చరిత్రలో కనిపించదు. అప్పటికే తాను రోగంతో నీరసించానని ఆమె రాసింది. సమాధి రాతి మీద చెక్కించవలసిన పద్యాన్ని కూడా తన పేరు అక్షరాలు కలిసేలా తానే రాసి పెట్టింది.

పేరు తెలియని ఆ చిన్నవాడు బతికాడు. అన్న విలియం అతనికి ఈ పుస్తకం చూపించి చదివించాలని తల్లి కోరింది. 864లో చార్లెస్ రాజుపై దాడికి పొంచి ఉన్నాడని వృత్తాంతాల్లో కనిపించే బెర్నార్డ్, తర్వాత ఆవెర్న్‌ మొదలైన ప్రాంతాలను చేతికి తెచ్చుకున్న బెర్నార్డ్ అతనేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. తండ్రి పోగొట్టుకున్న బలాన్ని అతను చాలావరకు మళ్లీ సంపాదించాడు. అతని కొడుకు విలియం 910 ప్రాంతంలో బుర్గుండిలో క్లూనీ మఠాన్ని స్థాపించాడు. ఆ మఠానికి భూమి ఇస్తూ రాయించిన దానపత్రంలో తన తల్లిదండ్రులు, భార్య మొదలైనవారితో పాటు సోదరి ఆవా ఆత్మశాంతికీ సన్యాసులు ప్రార్థించాలని కోరాడు. ఆమెను పేర్కొంటూ, ఈ ఆస్తిని తనకు వీలునామాతో ఇచ్చింది ఆమేనని కారణం కూడా రాయించాడు.